మెరక వీధి ముప్పై ఎనిమిది ఇళ్ల నీళ్లు

అనకాపల్లి జిల్లా, నర్సీపట్నం, మెరక వీధి కాపురస్తురాలు, కీర్తిశేషులు సుర్ల అప్పన్న గారి భార్య, సుర్ల గున్నమ్మ అనే నేను, వయసు డెబ్బై నాలుగో డెబ్బై ఆరో (ఆధార్ కార్డులో డెబ్బై ఒకటి ఉంది, అది వాళ్లు వేసుకున్నది), నా ఇంటి అరుగు మీద కూర్చుని, ఒకరు బెదిరించకుండా, ఒకరు బతిమాలకుండా, చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది.

నా తెలివి నా దగ్గరే ఉంది. అనుమానం ఉన్నవాళ్లు మా వార్డులో ఏ ఇంట ఎన్ని ఓట్లో నన్ను అడగొచ్చు. లిస్టు చూడకుండా చెబుతాను. పోయినవాళ్ల ఓట్లు ఇంకా ఏయే ఇళ్లలో బతికున్నాయో అది కూడా చెబుతాను. గుండె మాత్రం సగమే పని చేస్తోందని డాక్టరమ్మ చెప్పింది. అందుకే ఈ తొందర.

నాకు అక్షరం ముక్క రాదు. మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన జ్ఞానమణి టీచరు గారు రాస్తున్నారు. మా వీధి మొదట్లో ఆవిడ ఇల్లు. లాయరు మాటలు ఉండవలసిన చోట ఆవిడ పెడతారు. మిగిలినవి నావి, దిద్దొద్దని ముందే చెప్పేను.

1. నా ఆస్తి. మెరక వీధిలో అన్నిటికన్నా ఎత్తున ఉన్న రెండు సెంట్ల జాగా, అందులో రేకుల ఇల్లు. పట్టా నా పేరున ఉంది. మా ఆయన పోయిన మరుసటేడు, గొలుగొండ వైపు చెరుకు కోతలకి పోతూనే, పార్టీ జెండా పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి సంపాదించుకున్నది. దీని మీద ఎవరికీ ఏ హక్కూ, తగువూ లేవు.

నాకు పిల్లలు లేరు. మా తమ్ముడి కొడుకు లాలం సింహాద్రిని తొమ్మిదో ఏట నుంచి నేనే పెంచేను. నా తరవాత ఈ జాగా వాడిదేనని పది మందిలో నోటితో చెప్పి ఉన్నాను. ఆ మాటని ఈ కాగితంతో రద్దు చేస్తున్నాను. వీలునామాలో కారణాలు రాయనక్కర్లేదని టీచరు గారంటున్నారు. నాకు అక్కరుంది.

2. కారణం. సింహాద్రి ఇప్పుడు మా వార్డు కౌన్సిలర్. వాణ్ణి నిలబెట్టమని పార్టీలో పట్టుబట్టినది నేను. బి-ఫారం వచ్చేదాకా అన్నం మానేసి కూర్చున్నది నేను. నాలుగున్నరేళ్ల కిందట ఎన్నికల్లో ఇల్లిల్లూ తిరిగినదీ నేనే.

బొట్టు పెట్టి ఓటు అడగడం మా పార్టీ ఆడవాళ్ల పద్ధతి. నేను మొగుడు పోయినదాన్ని, నా చేత బొట్టు పెట్టించుకోరు. పైగా మా వీధిలో సగం ఇళ్లు చర్చి వాళ్లవి, వాళ్లు బొట్టే పెట్టుకోరు. అందుకని నాకొక పద్ధతి పెట్టుకున్నాను. ఓటు అడగడానికి ఏ ఇంటికి వెళ్లినా ముందు నీళ్లు అడిగి, నా స్టీలు గ్లాసులో పోయించుకుని, ఒక గుక్క తాగి, అప్పుడు మాట్లాడతాను. నీళ్లు తాగిన ఇంటికి అబద్ధం చెప్పకూడదని నా లెక్క. నలభై ఏళ్లు అలాగే చేసేను.

ఆ ఎన్నికల్లో మా వీధి వాళ్లు అడిగినది ఒక్కటే. కొళాయి. మాది మెరక, పల్లపు ట్యాంకు నీళ్లు పైకి ఎక్కవు. ఆడవాళ్లు బిందెలతో కిందికి దిగి, రోడ్డు వార బోరింగు దగ్గర కొట్టుకుని, మళ్లీ ఆ ఎత్తు ఎక్కాలి. నా ఇల్లు కాక ముప్పై ఎనిమిది ఇళ్లు. ముప్పై ఎనిమిదింటిలోనూ నీళ్లు తాగి ఒకటే మాట చెప్పేను, కొళాయి రాకపోతే మీ నీళ్లు తెచ్చి మీకు ఇచ్చేస్తానని. నవ్వి ఓటేసేరు.

3. ట్యాంకు సంగతి. వీధి పైన ట్యాంకు కోసమని వదిలిన ఖాళీ జాగా ఒకటి ఉండేది. గెలిచిన ఏడాదికి సింహాద్రి అందులో పార్టీ ఆఫీసు కట్టించేడు. మొదటి కొబ్బరికాయ కొట్టినది నేనే. ఇది దాచను. మన పార్టీకి గూడు వచ్చిందన్న సంబరంలో ట్యాంకు ఎక్కడ కడతారని అడగడం మర్చిపోయేను. గుర్తొచ్చి అడిగేసరికి గోడలు లేచిపోయేయి.

అప్పట్నుంచి వాడిది ఒకటే జవాబు. "జాగా లేదత్తా. జాగా సూపించు, రేపే కట్టించెత్తాను." సోమవారం సోమవారం టీచరు గారి చేత అర్జీ రాయించి, వేలిముద్ర వేసి, వాడి చేతికే ఇచ్చేదాన్ని. తీసుకుని, టీ తాగుతావా అని అడిగేవాడు.

రెండు వేసవుల కిందట వరలక్ష్మమ్మ నిండు బిందెతో ఎత్తు ఎక్కుతూ జారి పడింది. తుంటి విరిగింది. ఆమె నాకు తోడు. తను పెళ్లయి ఈ వీధికి వచ్చిన ఏడు నుంచీ తోడు. మూడు నెలలు మంచం మీద ఉండి చనిపోయింది. ఆ మూడు నెలలూ ఆమె ఇంటికి నేనే నీళ్లు మోసేను. ఒక్కసారి కూడా కొళాయి ఊసెత్తలేదు ఆవిడ. ఎత్తి తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె పెద్దకర్మ అయిన మర్నాడు పార్టీ మీటింగులో లేచి అడిగేను. ట్యాంకు జాగాలో మనం కుర్చీలేసుకుని కూర్చున్నాం, ఇది మనకి తగునా అని. పట్టణ అధ్యక్షుడు నవ్వుతూనే అన్నాడు, ముసలమ్మని అవతల పార్టీ వాళ్లు కొనేసేరని. సింహాద్రి నా పక్కనే ఉన్నాడు. నేల చూస్తూ కూర్చున్నాడు. నన్ను అన్నందుకు కాదు నా బాధ. వాడు తల ఎత్తలేదు, అది.

ఆ పై మీటింగుకి ముందు వరసలో నా కుర్చీ లేదు. తరవాత పిలుపే లేదు. మీటింగు కబుర్లు ఇప్పుడు వాట్సాప్‌లో వస్తాయట. నాది నొక్కుడు ఫోను. అది చెడిపోయిందేమోనని టీచరు గారి చేత రెండు మూడుసార్లు రింగు ఇప్పించుకున్నాను. బాగానే మోగుతోంది.

4. జాగా. సింహాద్రికి చూపించేను. నా ఇల్లే చూపించేను. ఇది అన్నిటికన్నా ఎత్తు, కూల్చి ట్యాంకు కట్టు, నేను టీచరు గారి వసారాలో పడుకుంటానన్నాను. వాడు ఒప్పుకోలేదు. "మేనత్తని రోడ్డు మీద పడేసినాడంతారు. నాకు ఓట్లెవుడేత్తాడు?" అన్నాడు. సరే. నేను ఉన్నంత కాలం నా ఇల్లు అడ్డం. పోయేక అడ్డం ఉండదు.

కాబట్టి పైన చెప్పిన రెండు సెంట్ల జాగాని, మెరక వీధికి నీళ్లిచ్చే ట్యాంకు కట్టడానికి మాత్రమే, మున్సిపాలిటీకి రాసిస్తున్నాను. నేను పోయిన రోజు నుంచి ఏడాది లోపల పని మొదలవ్వాలి. మొదలవ్వకపోతే ఆ జాగా ముప్పై ఎనిమిది ఇళ్లకీ ఉమ్మడిగా చెందుతుంది, వాళ్లే బోరు వేయించుకుంటారు. ఏ పార్టీ జెండా దిమ్మా, మా పార్టీదయినా సరే, అందులో కట్టకూడదు. ట్యాంకుకి నా పేరు పెట్టొద్దు. సింహాద్రి పేరుతో రాతిపలక అసలే వద్దు.

5. స్టీలు గ్లాసు. ఇది నా మేనల్లుడు సింహాద్రికి. దీంతోనే వాడికి చిన్నప్పుడు గంజి పట్టేదాన్ని. కింద సొట్ట వాడు విసిరికొట్టినదే. ఊరికే ఇవ్వడం లేదు. మళ్లీ ఏ ఎన్నికల్లో నిలబడినా ఈ గ్లాసు పట్టుకుని ముప్పై ఎనిమిది ఇళ్లకీ ఒక్కడే వెళ్లాలి. వెనక డప్పులు ఉండకూడదు. ఆ ఇంటి కొళాయి నీళ్లు ఇందులో పట్టించుకుని తాగి, అప్పుడు ఓటు అడగాలి. ఏ ఇంట కొళాయి లేదో ఆ ఇంట నోరు తెరవకూడదు. కోర్టులో ఇది నిలబడదని టీచరు గారంటున్నారు. కోర్టు కోసం రాయించడం లేదు. ఇది వీధిలో అందరికీ చదివి వినిపించాలి, అంతే.

6. నేను చేసిన తప్పు. పోయిన వేసవిలో అన్న మాట ప్రకారం నీళ్లు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టేను. బోరింగు నుంచి చిన్న బిందెతో తెచ్చి, ఇంటింటికీ ఒక గ్లాసు వాళ్ల బిందెలో పోసి, మీ నీళ్లు మీకు ముట్టేయని చెప్పేను. మోకాళ్ల మూలాన రోజుకి మూడు నాలుగు ఇళ్లకి మించి కాలేదు. సింహాద్రికి సిగ్గు తెప్పిద్దామని చేసిన పని అది. సిగ్గు వాడికి రాలేదు. వీధి వాళ్లకి నా మీద కోపం వచ్చింది.

నీళ్లు తిరిగిచ్చేయడమంటే రాకపోకలు తెంపుకోవడమని వాళ్ల లెక్క. అంత తెలిసినదాన్ని, ఆ ఒక్కటీ నాకు తట్టలేదు. నేను మాట నిలబెట్టుకుంటున్నాననుకున్నాను. వాళ్లు నేను మొహం తిప్పుకున్నాననుకున్నారు. మొదటి రోజే మా వీధి మహాలక్ష్మమ్మ తన బిందె మీద చెయ్యి అడ్డం పెట్టి అడిగింది. "ఏటమ్మా గున్నమ్మా, మా నీళ్లు సేదెక్కిపోనాయా?" అప్పుడైనా ఆగవలసింది. మొండితనం, ఆగలేదు. ఆమె చెయ్యి తప్పించి పోసేను.

ఇప్పుడు టీచరు గారు తప్ప నా గుమ్మంలోకి ఎవరూ రారు. పార్టీ వాళ్లు పార్టీకి ఎదురు తిరిగేనని రారు. వీధి వాళ్లు నీళ్లు తిరిగిచ్చేనని రారు. అవతల పార్టీ నుంచి టీ కొట్టు దేవుళ్లు ఒక్కడే వస్తాడు, వాళ్ల కండువా చేత్తో పట్టుకుని. అయిదుసార్లు వచ్చేడు, అయిదుసార్లూ పంపించేసేను. నేను పార్టీ మారలేదు. మా పార్టీ వాడే మాట మారేడు. ఈ రెండింటికీ తేడా చెప్పడానికి పొద్దున్న లేస్తే నాకు మనిషి దొరకడు. కాకులకి చెబుతాను.

ముప్పై ఏడు ఇళ్లకే తిరిగిచ్చేను. వరలక్ష్మమ్మ నీళ్లు నా దగ్గరే ఉండిపోయేయి. ఇచ్చిన చెయ్యి లేదు. ఆ గుమ్మం ఎక్కి కోడలి బిందెలో పొయ్యడానికి నాకు మొహం చెల్లలేదు.

7. ఇత్తడి బిందె. ఇది వరలక్ష్మమ్మ కోడలు అప్పలలక్ష్మికి. ఎత్తు ఎక్కడానికి కాదు. కొళాయి వచ్చిన రోజున కింద పెట్టి, కూర్చుని నింపుకోవడానికి. అప్పటిదాకా అటక మీద ఉంచమని నా మాటగా చెప్పాలి.

8. ఫోను, సిమ్ముతో సహా, మహాలక్ష్మమ్మ మనవరాలు దేవికి. నేను పోయేక పార్టీ నుంచి ఎవరైనా చేస్తే, ఇన్నాళ్లూ ఎక్కడున్నారని అడిగి పెట్టెయ్యాలి.

9. జెండా. నా ట్రంకు పెట్టెలో పాత పార్టీ జెండా ఉంది. రంగు వెలిసిపోయింది, అంచు నేనే కుట్టేను. అది నాది. పార్టీ కూడా నాదే, కౌన్సిలర్లదీ అధ్యక్షుడిదీ కాదు. కొళాయి నీళ్లు వచ్చేక నేను పోతే అది నా మీద కప్పండి. రాకుండా పోతే పెట్టెలోనే ఉంచండి. వాళ్లు కొత్త జెండా తెచ్చి కప్పి ఫొటో తీసుకుంటామంటే గుమ్మంలోనే ఆపేయాలి. ఆపడం టీచరు గారి వల్ల అవుతుంది. ఆవిడ నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టిన మనిషి.

10. తలకొరివి సింహాద్రి పెట్టాలి. పెంచినది నేను, ఆ పని వాడిది. కండువా తీసి రావాలి. కౌన్సిలర్‌గా వస్తే కాటి దగ్గర పని లేదు.

11. ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత జ్ఞానమణి టీచరు గారిది. రాసినవాళ్లకి ఏమీ ఇవ్వకూడదట. కాబట్టి ఆవిడకి ఏమీ ఇవ్వడం లేదు. ఏమీ అంటే ఎంతో ఆవిడకి తెలుసు.

సాక్షుల కోసం మా పార్టీ వాళ్లకి కబురు పెట్టేను. పని ఉందన్నారు. దేవుళ్లు వస్తానన్నాడు. కండువా ఇంటి దగ్గర వదిలేసి రమ్మన్నాను, వదిలేసే వచ్చేడు. రెండోవాడు కరెంటు పని చేసే ప్రేమరాజు, ఇద్దరూ బయట వీధుల వాళ్లు. ఇద్దరికీ ఇందులో ఏ వాటా లేదు.

12. ఆఖరిది. కొరివి హక్కు సింహాద్రికి ఇచ్చేను గానీ, పోయేముందు నా నోట్లో నీళ్లు పోసే హక్కు వాడికి ఇవ్వడం లేదు. అది మెరక వీధి ముప్పై ఎనిమిది ఇళ్లది. ఎవరైనా తేవచ్చు, ఏ వేళకైనా. కొళాయి నీళ్లే అక్కర్లేదు, ఆ బోరింగు నీళ్లే చాలు. తెచ్చేటప్పుడు బేగి రండి, గుండె సగమే ఉంది. నెల రోజులై నేను తలుపు గొళ్లెం పెట్టడం లేదు.

మహాలక్ష్మమ్మకి ఎవరైనా చెప్పండి. మీ నీళ్లు ఎప్పుడూ చేదు కావు.

ఇది నేను చెప్పగా రాసి, చదివి వినిపించగా విని, నా మాటలేనని ఒప్పుకుని వేలిముద్ర వేసినది.

నర్సీపట్నం, 2025 నవంబరు 18, మంగళవారం.

సుర్ల గున్నమ్మ ఎడమ చేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
1. పైల దేవుళ్లు, టీ దుకాణం, బలిఘట్టం రోడ్డు (సంతకం)
2. కొత్తపల్లి ప్రేమరాజు, ఎలక్ట్రీషియన్ (సంతకం)

రాసినది: బి. జ్ఞానమణి, రిటైర్డ్ టీచరు, మెరక వీధి. ఆవిడ చెప్పినదాంట్లో నేను ఏదీ మార్చలేదు. పన్నెండోది చెప్పాక నీళ్లు అడిగారు. మా ఇంటి నుంచి తెచ్చి ఇచ్చాను, గ్లాసు నిండా తాగారు.