ఆ చెయ్యి ఎవరిది?

అత్తయ్యా,

ఈ ఉదయం పురపాలక సభాగదిలో కాగితాలు సర్దుతుంటే, నీ పేరున్న కుర్చీలో మామయ్య మర్చిపోయిన కళ్ళజోడు పెట్టె కనిపించింది. తీద్దామంటే చేతులు రాలేదు.

"నేను గడపే దాటలేదు, సభలో నా ఓటు ఎలా పడిందే?" అని నిన్న చీటీ పంపావు. అక్కడ గుమాస్తాను కనుక నేనే చెప్పాలి. మన వార్డు సభ్యత్వం ఆడవాళ్ళకే అని చట్టం వచ్చింది కాబట్టి నిన్ను నిలబెట్టారు. గెలిచింది నువ్వు, కూర్చునేది మామయ్య. మా ఆఫీసులో ఇది ఎవరికీ వింత కాదు.

సోమవారం మన ఆడపిల్లల లైబ్రరీ కూల్చి దుకాణాలు కట్టే తీర్మానం మీద ఓట్లు అడిగారు. నాలుగూ నాలుగూ అయ్యాయి. అప్పుడు మామయ్య చెయ్యెత్తారు.

"అది ఎవరి చెయ్యండీ?" అన్నాడు ఒక ముసలి సభ్యుడు.

"మా ఆవిడదే. గాజులు ఇంట్లో మర్చిపోయొచ్చింది!"

అందరూ నవ్వారు. 'సభ్యురాలు ఆమోదించారు' అని నేను తలవంచుకుని రాశాను.

శుక్రవారంలోగా నువ్వు వచ్చి, హాజరు పుస్తకంలో ఉన్నది నీ సంతకం కాదని రాసిస్తే ఆ తీర్మానం చెల్లదు. నిబంధన రెండుసార్లు చదివాను. మామయ్య ఏమన్నా సరే, రా.

నా గురించి ఆలోచించి ఆగిపోకు. తన రాత అయితే తెలిసిపోతుందని మామయ్య ఆ రోజు నన్ను పిలిచారు. ఆ లైబ్రరీలోనే నువ్వు నాతో అక్షరాలు దిద్దించావు కదా, మనిద్దరి రాతా ఒకేలా ఉంటుంది. నీ సంతకం నేనే పెట్టాను.