రెండో పిన్ను వైరు

చర్ల దగ్గరి గూడెం నుంచి,
2007 ఆగస్టు

చిరంజీవి గోపాలును అమ్మ జంపక్క దీవించి రాయిస్తున్నది. నా ఒళ్లు బాగానే ఉంది. నీ చెల్లె భవాని, పిల్లలు బాగున్నారు. గూడెమంతా క్షేమమని మాత్రం రాయించలేను, ఎందుకో నీకు తెలుసు. ఈ ఉత్తరం రాస్తున్నది మీ భద్రయ్య మామ కూతురు కళావతి. ఇంకెవరితోనైనా రాయించవచ్చు. కావాలనే దీన్ని కూర్చోబెట్టుకున్నాను.

నీ ఉత్తరం చదివించుకున్నాను. వాగు పొంగితే ఎర్రగా వెలగాలని, దాటే చోట నువ్వు నిలబెట్టిన దీపం పెట్టె పని చేయకనే మామ కొట్టుకుపోయాడని, తప్పంతా నాదేనని కంపెనీలో రాసిచ్చి ఉద్యోగం మానేస్తానన్నావు. ఆగు. ముందు నా మాట విను.

మామ పోకముందు రాసిన ఉత్తరంలో, వాగులో నీళ్లు లేకుండా ఎర్ర దీపం ఎప్పుడెప్పుడు వెలిగిందని అడిగావు. పొద్దున వెలిగేది, ఎండ ముదిరితే ఆరేది, చినుకు పడితే మళ్లీ వెలిగేది. స్తంభానికి వేలాడే రెండు కడ్డీలకూ నీళ్లు తగిలితేనే లోపలి చిప్పుకు రెండో పిన్ను మీద కబురు పోవాలని, ఊరికే ఎలా పోతున్నదో అంతుపట్టడం లేదని రాశావు. అక్కడ నీ బల్ల మీద అలాంటి పెట్టెనే పెట్టుకుని పది రోజులు వెతికావట.

నీకు అంతుపట్టదు బిడ్డా. నువ్వు బస్సెక్కిన రోజే, దానికి దిష్టి తగలకూడదని, నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చి ఉప్పునీళ్లలో తడిపిన ఉన్ని తాడును ఆ రెండు కడ్డీలకూ కలిపి చుట్టాను. అది తడిసినప్పుడల్లా దీపం నీళ్లనుకుంది. కడ్డీల మీద తడి వస్తువేమైనా ఉందా అని నువ్వు అడిగితే లేదని రాయించాను. దిష్టితాడు నా లెక్కలో వస్తువు కాదు.

మీ మామ రోజూ నవ్వేవాడు. "ఏందక్కా, నీ కొడుకు దీపానికి జెరమొచ్చిందా? ఎండిన ఇసుకల గూడ నీళ్లు కనవడుతున్నయ్ దానికి!" సంతకు పోయేవాళ్లంతా పగలబడి నవ్వేవాళ్లు. "జెరమొచ్చింది నీ కండ్లకు, పో" అని తిట్టేదాన్ని గాని లోపల కాలిపోయేది.

తరువాత నువ్వు రెండో పిన్ను వైరు పీకి చూడమన్నావు. దీపం ఆరితే తప్పు చిప్పులో లేదు, కడ్డీల దగ్గరుంది, చూశాక వైరు మరవకుండా పెట్టు అన్నావు. పీకాను. ఆరింది. మళ్లీ పెట్టానని నీకు రాయించాను.

పెట్టలేదు గోపాలూ.

మరవలేదు కూడా. ఆరిన దీపాన్ని చూసి ఎవరూ నవ్వలేదు, అందుకే పెట్టలేదు. "బాగయిందా అక్కా?" అని భద్రయ్య అడిగితే "అవ్, నా కొడుకు బాగుచేసిండు" అన్నాను.

నాలుగో నాడు పైన అడవిలో వాన పడింది. సంత నుంచి మామ వెంట వస్తున్న దేవ్లా ఒడ్డునే ఆగి, "నీళ్లు ఎర్రగున్నయ్, లోతు తెలుస్తలేదు, ఆగు భద్రన్నా" అన్నాడట. మీ మామ స్తంభం వైపు చూసి, "దీపం వెలగలే గదా. గోపాలు పెట్టిన దీపం, భయమేంది?" అని దిగాడట. అన్ని రోజులు నవ్వినవాడు ఆ రోజు దాన్నే నమ్మాడు. మూడు రోజులకు దొరికాడు.

మొన్న పోయి తాడు తెంపి, వైరు పెట్టాను. దీపం వెలగలేదు. నీళ్ల గిన్నె ఎత్తి కడ్డీలు రెండూ మునిగేలా పట్టాను. వెలిగింది. నీ పెట్టెలో తప్పు లేదు. ఈ ఉత్తరం మీ కంపెనీలో చదివి వినిపించు. నన్ను అడగడానికి ఎవరైనా రానీ, ఈ మాటే చెబుతాను. చేయని తప్పును నెత్తిన వేసుకుని కూలికి పోయే కొడుకును నేను కనలేదు.

కళావతి ఇందాకే కలం ఆపింది. "రాయి" అన్నాను. "ఏం రాయాలె అత్తా?" అన్నది. "నేను చెప్పిందే. ఒక్క ముక్క ఇడవకు." దాని ముఖం నేను చూడలేదు. కలం చప్పుడు మళ్లీ వినపడుతున్నది.

ఇట్లు,
నిన్ను కన్న తల్లి
జంపక్క వేలిముద్ర

బావా, అత్త చెప్పింది చెప్పినట్టు రాశాను. ఉత్తరం మడిచే ముందు వాగు దగ్గరికి పోయి వచ్చాను. వైరు ఉంది.
— కళావతి