మూడో పెడల్

మక్తల్ వాస్తవ్యుడు, పత్రికా విలేకరి, చిలువేరు రాజం కొడుకు లక్ష్మీనర్సయ్య అనే నేను ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా. మతి స్థిమితంగా ఉంది. బతకాలన్న ఆశ లేదు. రెండూ వేరు సంగతులని సాక్షులకు చెప్పాను. నా ఆస్తి స్వార్జితం. ఇంతకుముందు ఏ వీలునామా రాయలేదు.

1. మక్తల్‌లోని ఇల్లు, మగ్గం జాగా తమ్ముడు రామచంద్రానికి చెందాలి. నాకు పిల్లలు లేరు.

2. కారు కూడా అతనికే. కారణం రాయాలి. చిన్నప్పటి జ్వరంలో నా ఎడమ కాలు చచ్చుబడింది. ఈ పాత అమెరికా కారు గేర్లు తానే మార్చుకునేది. క్లచ్ లేదు, కుడికాలు చాలు. అందుకే కొన్నాను. కోస్గి దాకా కరువు వార్తలకు తిరిగాను. ఒక వేసవిలో గేరుబాక్సు చెడింది. నేను హైదరాబాదులో ఉండగా రామచంద్రం కారును మెకానిక్ మెహమూద్ షెడ్డుకు పంపి మామూలు గేర్లు, క్లచ్ పెట్టించాడు. పాత సామాను తుక్కుకు పోయింది. "ఇగ ఎవలైన నడపొచ్చు అన్నా" అన్నాడు. నేను తప్ప ఎవరైనా. ఆ మాటను ఇప్పటికీ క్షమించలేదు. కారు మాత్రం అతనికి సరిపోయేలా ఉంది.

3. నా కెమెరా మెహమూద్‌కు. "నువ్వే చెప్పి పంపినవనుకున్న భాయ్" అని అతను తల పట్టుకున్నాడు. స్టీరింగు కుడివైపు, క్లచ్ ఎడమ చివర, ముందు సీటు బల్లలా ఒకటే. నా భార్య గుర్వమ్మ దగ్గరికి జరిగి కూర్చుని "నీ ఎడమ కాలు నేనే గద, నడుపు" అంది. నేను తొక్కమంటే తొక్కేది, నేను గేరు మార్చేవాణ్ణి. ఆమె కాలికి అందేలా మెహమూద్ పెడల్ పక్కకు ఇనుప ముక్క అతికించాడు. "ఒక్క బండికి ఇద్దరు డ్రైవర్లా, కిరాయి డబులా?" అని బజారులో నవ్వేవారు. ముందు ఆమే నవ్వేది.

4. గుర్వమ్మ వెండి కడియాలు రామచంద్రం భార్య సుభద్రమ్మకు. కుడికాలిది పెడల్‌కు తగులుతోందని గుర్వమ్మ తీసేసింది. "మొగడు బతికుండంగ ఒక్క కాలికే కడియమా" అన్నది సుభద్రమ్మే. ఎడమది అరిగింది, కుడిది అరగలేదు. సమం చేయించవద్దు.

5. మొన్న మాఘంలో గుర్వమ్మకు గుండెనొప్పి వచ్చింది. రామచంద్రం ఊళ్లో లేడు, హాలియాలో ఉన్నాడు. అది అతని తప్పు కాదు. మహబూబ్‌నగర్ దవాఖానకు నేనే నడిపాను, క్లచ్ ఆమే తొక్కింది. దేవరకద్ర దాటాక తొక్కమన్నాను. కాలు పెడల్ మీదే ఉంది. తొక్కలేదు. ఇంజను ఆగిపోయింది.

6. డ్రైవరును పెట్టుకోమన్నారు. పెట్టుకోలేదు. ఆనాటి నుంచి బస్టాండులో విన్నవే రాసి పంపుతున్నాను. వాటిని వార్తలని నేను అనను.

7. కారు అప్పగించే ముందు ఆ ఇనుప ముక్కను మెహమూద్ కోసి తీయాలి. రామచంద్రానికి దానితో పని లేదు. ముక్కను నా కాష్ఠంలో పెట్టాలి. ఇనుము కాలదు. బూడిదలోంచి ఏరి, గుర్వమ్మ అస్థికలు కలిపిన చోటే కృష్ణలో వేయాలి.

ఈ ఏర్పాట్లు నా మరణానంతరం మెహమూద్ అమలు చేయాలి.

మక్తల్, 14 జూన్ 1966
(సంతకం) చిలువేరు లక్ష్మీనర్సయ్య

సాక్షులు:
చోటే మియా, చాయ్ దుకాణం
వెంకటనర్సు, బడి పంతులు