వెనక చెక్క

తమ్ముడూ,

నువ్వు బాగున్నావనే అనుకుంటూ రాస్తున్నాను. నా కోడిగీతలు చూసి విసుక్కోకుండా చివరిదాకా చదువు.

నీ మేనల్లుడు పడవకి కొత్త ఇంజను కొన్నాడు. అందరి పడవలూ ముందే ఒడ్డుకి చేరిపోయి, వీడి చేపలు ఆఖరికి మిగిలిపోతున్నాయట. కొన్నది మంచిదే. కానీ పాతదానికి రెండింతలు బరువు, ఇద్దరు మోసుకొచ్చారు. బిగించేది మాత్రం నువ్వు ఏనాడో కట్టిన ఆ వెనక చెక్కకే కదా. మొన్న ఎవరూ చూడకుండా దానికి నా జడపిన్ను గుచ్చాను. ఉడికిన దుంపలో దిగినట్టు దిగిపోయింది. వాడికి చెబితే, "అమ్మా, నీకు చెంబులో నీళ్ళు కదిలినా తుఫానే" అని నవ్వి, ఆ చోట రంగు పూసేశాడు.

నిన్న మెకానిక్ బోల్టులు పట్టుకుని వచ్చాడు. మనవాడు లోపల నిద్రపోతున్నా, ఇంట్లో లేడని చెప్పి పంపేశాను. శుక్రవారం మళ్ళీ వస్తానన్నాడు. ఇంకో అబద్ధం నాకు తోచడం లేదు.

నువ్వు గురువారానికల్లా రా. నేను రాశానని చెప్పకు, ఊరికే చూసిపోదామని వచ్చానను. చెక్క మార్చమని నువ్వంటే వింటాడు, నేనంటే చాదస్తం. ఒకవేళ గట్టిగానే ఉందంటే నా ముఖం చూసి ఆ మాట చెప్పు, నోరు మూసుకుంటాను.

నువ్వు రాకపోతే నాకు ఒకటే దారి. వాడు ఇంజను తిప్పే రోజు ముందుగా నేనే పడవెక్కి, ఆ చెక్కకి వీపు ఆనించి కూర్చుంటాను. నన్ను ఎత్తి దింపడానికి వాడికి చేతులు రావు, కూర్చోబెట్టుకుని సముద్రంలోకి పోవడానికి ధైర్యమూ చాలదు.

అక్క