పెద్దమ్మ వరస

ఆదోని

చిట్టితల్లి భవ్యకు,

ఇంటికి కాకుండా నీ బడి చిరునామాకు రాస్తున్నానని కంగారు పడకు. ఫోన్‌లో చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. నువ్వు ఎత్తగానే వెనక మీ అత్తగారి మాటలు వినిపిస్తాయి, ఇక నా నోరు పెగలదు.

నేను నీకు చెప్పినట్టు స్నానాల గదిలో జారిపడలేదమ్మా. శశికాంత్ హోటల్ వంటగదిలో పడ్డాను.

మీ నాన్న పోయి, మన పత్తి మండీ మూతపడ్డాక, శశికాంత్ తన హోటల్‌కు రమ్మన్నాడని, గల్లా దగ్గర కూర్చుంటున్నానని నీకు చెప్పాను. గల్లా దగ్గర నేనెప్పుడూ కూర్చోలేదు. తెల్లవారకముందే వెళ్లి పిండి రుబ్బేదాన్ని, ఇడ్లీలు దించేదాన్ని, చట్నీలు చేసేదాన్ని. నెలకింతని జీతం తీసుకునేదాన్ని. బజారులో మనవాళ్లు చూస్తారని వెనక సందులోంచే రాకపోకలు. ఎవరైనా అడిగితే, "మరిది వరసాయన కొడుకు హోటలే కదా, పొద్దుపోక వెళ్తుంటాను" అనేదాన్ని.

ఆ వంటగదిలో తూము పూడిపోయి, గంజీ నూనే నేల మీదే నిలిచేవి. ఎన్నిసార్లు చెప్పినా "రేపు చేపిస్తాను పెద్దమ్మా" అనేవాడు. ఒక పొద్దున ఇడ్లీ పాత్ర ఎత్తుకుని తిరగబోతే కాలు జారింది. తుంటి, కుడి మణికట్టు విరిగాయి. అంట్లు తోమే అంజినమ్మ పరుగెత్తుకొచ్చి నా తల ఒళ్లో పెట్టుకుని, "లేయొద్దమ్మా, కదలొద్దు" అని నాకన్నా ముందు ఏడ్చింది.

ఆసుపత్రిలో శశికాంత్ నా చెవి దగ్గరికి వంగి, "ఇంట్లో పడినానని చెప్పు పెద్దమ్మా. మిగతాది నేను చూసుకుంటా గదా" అన్నాడు. డాక్టరు అడిగితే తల ఊపాను. అతని కోసం కాదు భవ్యా. పక్క మంచం దగ్గర మన బజారువాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లు వింటుండగా హోటల్ వంటగది అనే మాట అనలేకపోయాను.

ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు వచ్చి పలకరించాడు. తర్వాత నా పనిలోకి ఇంకొకరిని పెట్టుకున్నాడు, ఫోన్ ఎత్తడం మానేశాడు. నా కుడిచేతి పిడికిలి బిగుసుకోవడం లేదు. ఈ వంకర అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది. లేబర్ ఆఫీసు దారి చూపింది అంజినమ్మే. "పనిలో పడితే యజమాని పరిహారం ఇయ్యాల్సిందేనంట. మా ఆస్పరి తట్టు ఒకాయనకు ఇచ్చినారు" అంది. అర్జీ పెట్టాను. వచ్చే నెల విచారణ. అక్కడ నలుగురి ముందు నేను జీతానికి పని చేశానని చెప్పాలి. నీకు చెప్పకుండా ముందు వాళ్లకు చెప్పలేను.

మీ అమ్మ,
ప్రభావతి

*

ఎమ్మిగనూరు

అమ్మా,

పిల్లలు ఆటలకు వెళ్లాక ఖాళీ తరగతిలో కూర్చుని నీ ఉత్తరం చదివాను. ముందు నీ చెయ్యి ఎలా ఉందని అడగాలి. కానీ నాకు మొదట తోచింది అది కాదు. ఇది మా ఇంట్లో తెలిస్తే ఎలా అని తోచింది. తిట్టుకుంటే తిట్టుకో.

మా అత్తగారు ఇంటికి ఎవరొచ్చినా నన్ను "ఆదోని పత్తి మండీ వాళ్ల అమ్మాయి" అనే చెబుతారు. మండీ లేదని తెలిసీ అలాగే అంటారు. ఆ మాట మీదే ఈ ఇంట్లో తలెత్తుకు తిరుగుతున్నాను. శశికాంత్ అన్న మీద నువ్వు లేబర్ ఆఫీసుకెక్కావని ఇక్కడికి తెలియడానికి ఒక్క పెళ్లి భోజనం చాలు.

అర్జీ వెనక్కి తీసుకో అమ్మా. నీ మందులకు నా జీతంలోంచి పంపుతాను. ఇలా రాస్తున్నందుకు సిగ్గుగానే ఉంది. అయినా అడుగుతున్నాను.

నీ కూతురు,
భవ్య

*

ఆదోని

భవ్యా, తల్లీ,

నీ మాట వినాలనే విచారణకు వెళ్లాను. అర్జీ వద్దని చెప్పి వచ్చేద్దామనుకున్నాను. చూస్తే అంజినమ్మ అప్పటికే ఆ పూట పని మానుకుని వచ్చి, గోడవారగా కూర్చుని ఉంది. నేను నోరు తెరిచేలోపే మమ్మల్ని లోపలికి పిలిచారు.

ముందు శశికాంత్ మాట్లాడాడు. "ఈమె మా పెద్దమ్మ సార్. ఒంటరిగా ఉంటాదని మేమే పిలిచినాము. పొద్దుపోక వచ్చి కూర్చుంటాండె. పెద్దమ్మతో కూలిపని చేయించుకుంటామా? మాకు మర్యాద లేదా?"

నేను ఇన్నేళ్లూ ఊరికి చెప్పుకున్న మాటే అది. నా మాటనే నా మీదికి తెచ్చాడు.

అంజినమ్మ లేచింది. "అబద్దం సార్. పిండి రుబ్బేది, ఇడ్లీలు దించేది అంతా ఈయమ్మే. నేను పక్కనే అంట్లు తోముతాంటి. పడినప్పుడు ఎత్తింది కూడా నేనే."

"అంట్లు తోమేదాన్ని సాక్ష్యానికి తెచ్చినారు సార్. ఎవరేం నేర్పితే అది చెప్తాది" అన్నాడు శశికాంత్.

అధికారి నా వైపు తిరిగాడు. "ఏమమ్మా, ఈమె చెప్పేది నిజమేనా?"

కాదంటే నువ్వు కోరినట్టే అయిపోయేది. కానీ ఉన్న పని పోతుందని తెలిసీ నా కోసం నిలబడిన మనిషిని నలుగురిలో అబద్ధాలకోరును చేసినదాన్నయ్యేదాన్ని. ఆమె నా వైపు చూడను కూడా లేదు. నేను నిజమే చెబుతానని అంత నమ్మకం.

"నిజమే" అన్నాను. వినబడలేదేమో, ఆయన మళ్లీ అడిగాడు. "నిజమే సార్. నేను వీళ్ల హోటల్లో జీతానికి పని చేసినాను. వీళ్ల వంటగదిలోనే పడినాను." అలా అన్నాక శశికాంత్ తల వంచుకోలేదు. నేనే వంచుకున్నాను.

ఆ సాయంత్రమే అంజినమ్మను పనిలోంచి తీసేశాడు. వేరే మెస్సులో పని దొరికేదాకా ఆమె ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. నిన్న ఉత్తర్వు వచ్చింది. నేను అక్కడ జీతానికి పని చేసినదాన్నేనని, పరిహారం శశికాంత్ కట్టాల్సిందేనని రాశారు. చదివి వినిపిస్తే అంజినమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సిగ్గు పోయిందని నీకు రాయను, పోలేదు. ఇప్పటికీ ముందు వీధిలో నడుస్తుంటే చూపు వెనక సందు వైపే పోతోంది. అయినా ఆ వీధిలోనే నడుస్తున్నాను.

నీ మాట కాదన్నాను. మీ అత్తగారికి ఇంకెవరో చెప్పేలోపు నేనే చెప్పాలి. ఆదివారం పొద్దున బస్సుకు ఎమ్మిగనూరు వస్తున్నాను. ఆమె ఎదురుగా కూర్చుని అంతా చెబుతాను. నువ్వు నా పక్కన ఉంటే చాలు. ఉండలేకపోతే లోపలే ఉండిపో తల్లీ, నేనేమీ అనుకోను.

మీ అమ్మ,
ప్రభావతి