నాలుగో పేజీలో మూడో లైను

సెప్టెంబర్ 1, సోమవారం. ఉదయం 6:10

తీర్మానం: ఇవాళ్టి నుంచి ఇరవై ఒక్క రోజులు ఎవరి దగ్గరా ఏదీ దాచను. అడిగిన దానికి అడిగినట్టు జవాబు చెప్తాను. ఈ డైరీలో ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యను.

కారణం: నిన్న మా పెళ్ళిరోజు. ఇరవై నాలుగేళ్ళు నిండాయి. మా ఆవిడ కేకు కోస్తూ, "మీ నాన్నని 'తిన్నారా' అని అడిగినా 'పరిశీలనలో ఉంది' అంటారే" అంది. అమ్మాయి పడీపడీ నవ్వింది. నవ్వుతూనే ఈ డైరీ తెచ్చి నా చేతిలో పెట్టింది. నేనూ నవ్వాను గానీ లోపల చురుక్కుమంది.

తప్పు నాది కాదు, ఉద్యోగానిది. ఏ పాట ఎవరిదో, ఏ రాత ఎవరిదో నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. జనం ఫలానా ఫైలు చూపించండని దరఖాస్తు పెడతారు. ఫైలు బయటికి వెళ్ళే ముందు, వాళ్ళు చూడకూడని లైన్ల మీద నల్ల మార్కరు పూయడం నా పని. ఏవి చూడకూడదు? అది కూడా వాళ్ళకి చెప్పకూడదు. మా ఆఫీసులో దీన్ని కాటుక పెట్టడం అంటారు. నన్ను కాటుక గారు అంటారు. పంతొమ్మిదేళ్ళ అనుభవం. చెయ్యి తిరిగిన మనిషిని!

సాయంత్రం 7:00

అద్భుతం! ఒక్కరోజులో ఎన్ని నిజాలో!

క్యాంటీన్‌లో ఏం తిన్నారు? (ఆవిడ) — కేకు. రెండు ముక్కలు.

షుగరు ఉందని తెలిసీనా? — తెలిసే.

నా నోట్ ఎలా ఉంది? (సూపరింటెండెంట్ మేడమ్) — ఒక్క ముక్క అర్థం కాలేదు మేడమ్.

ఒళ్ళు తేలికైపోయింది. ఇంత సుఖం ఉందని తెలిస్తే పదేళ్ళ కిందటే మొదలుపెట్టేవాణ్ణి.

సెప్టెంబర్ 2, మంగళవారం. సాయంత్రం 6:30

ఇంట్లో పిడుగు పడింది.

మా ఆవిడ చిన్నపిల్లల బడిలో టీచరు. ఏడో ఎక్కం పిల్లలకి ఓ పట్టాన రాదని ఒక పాట కట్టింది. మాటలు తనవే, బాణీ తనదే. పధ్నాలుగేళ్ళుగా ఆ బడిలో ఏడో ఎక్కం ఎవరు నేర్చినా ఆ పాటతోనే నేర్చారు. పోయిన నెల అమ్మాయి ఆ పాటని వీడియో తీసి నెట్లో పెట్టింది. వారం తిరక్కుండా వీడియో మాయం! పాట మాది అని ఏదో కంపెనీ అందట.

ఇవాళ బడికే లాయరు నోటీసు వచ్చింది. "సదరు పాటను బిగ్గరగా గానీ, మెల్లగా గానీ, నోరు మూసుకుని కూనిరాగంగా గానీ బడి ఆవరణలో పాడరాదు." హెడ్ మిస్ట్రెస్ హడలిపోయి పాట మాన్పించేసింది.

"నా పాట నేను పాడితే దొంగతనమా?" అంది ఆవిడ. అన్నం కలిపి, తినకుండా అలాగే కూర్చుంది.

రెండో రోజు తీర్మానం భేషుగ్గా నడిచింది. (ఎవరూ ఏమీ అడగలేదు.)

సెప్టెంబర్ 3, బుధవారం. ఉదయం 7:00

ఆవిడ రాత్రికి రాత్రే తేరుకుంది. ఎంత ధైర్యమో! "పిచ్చిదాన్నండీ. ఐదేళ్ళ కిందట ఈ పాట నమోదు చెయ్యమని ఫారం నింపి మీ చేతికే ఇచ్చాను కదా! ఆ కాగితం చాలు. మీ ఆఫీసుకే దరఖాస్తు పెడతాను, ఫైలు మొత్తం చూపించమని" అంది.

"మంచి ఆలోచన" అన్నాను.

"నమోదు అయిపోయింది, ఇక బెంగ లేదు అన్నారు కదా అప్పుడు?"

"అన్నాను." (నిజమే. అన్నాను.)

"అయింది కదా?"

"ఫైలు చూడాలి." (ఇదీ నిజమే. ఫైలు చూడాలి.)

తీర్మానం చెక్కుచెదరలేదు. ████████████.

పై లైను కొట్టేయడం కాదు. చెయ్యి జారింది.

సెప్టెంబర్ 5, శుక్రవారం. మధ్యాహ్నం 1:40, ఆఫీసులో

ఆవిడ దరఖాస్తు వచ్చింది. ఎవరి బల్ల మీదికి వస్తుంది? నా బల్ల మీదికే. పాత ఫైలు తెప్పించాను. పధ్నాలుగు పేజీలు. నాలుగో పేజీ ఆవిడ నింపిన ఫారం. మూడో లైను, 'పాట కట్టినవారి పేరు'. దాని ఎదురుగా నున్నగా, నల్లగా, నిగనిగలాడుతూ ఒక చార.

నా చారే. నకలు మీద కాదు, అసలు కాగితం మీద.

దాచనని తీర్మానించాను కాబట్టి రాస్తున్నాను. ఆ రోజుల్లో, సొంత మనుషుల పనులు ఆఫీసు టైములో చేసుకుంటున్నారని ఒక గుమస్తాకి మెమో ఇచ్చారు. భయమేసింది. కాటుక గారి భార్య అని ఎవరైనా చూస్తారేమోనని, గొడవ సద్దుమణిగేదాకా ఉండనీలే అని ఆ పేరు మీద ఒక్క పూత పూశాను. తర్వాత కొత్త ఫారం పెట్టిద్దామనుకున్నాను. మర్చిపోయాను. ఇంట్లో మాత్రం అయిపోయిందన్నాను.

పేరు లేని ఫారం కాబట్టి 'కర్త తెలియదు' అని ముద్ర వేశారు. మూడేళ్ళ కిందట ఆ కంపెనీ వచ్చి, కర్త తెలియని పాటలు నాలుగు వందలు ఒక్క జాబితాగా తమ పేరు మీద రాయించుకుంది. ఆ జాబితా రహస్యం. వ్యాపార రహస్యమట. పాట కట్టినవాళ్ళకి కూడా చూపించకూడదు.

ఆవిడ పాట పోయింది నా చేతుల మీదుగానే. ఇవాళ ఇంటికి వెళ్ళగానే చెప్పేస్తాను.

సాయంత్రం 7:15

ఆవిడకి తలనొప్పి. ఇలాంటప్పుడు ఎలా చెప్తాం?

సెప్టెంబర్ 6, శనివారం

అమ్మాయి ఇంట్లోనే ఉంది. పిల్లల ముందు చెప్పుకునే విషయమా?

సెప్టెంబర్ 7, ఆదివారం

ఆదివారం. సెలవు.

సెప్టెంబర్ 8, సోమవారం. సాయంత్రం 6:45

ఆవిడ బడి కబుర్లు చెప్పింది. పాట లేకుండా ఏడో ఎక్కం అప్పజెప్పించుకుందట. ఏడేళ్ళ నలభై తొమ్మిది దగ్గర అందరూ ఆగిపోయారట. ఉన్నట్టుండి ఒక పిల్ల పెదాలు కదిలించడం మొదలుపెట్టిందట, చప్పుడు లేకుండా. పక్క పిల్లాడు కదిలించాడు. చూస్తూండగా క్లాసు మొత్తం, ముప్ఫై ఒక్క నోళ్ళు, మూగగా పాడుతున్నాయి. చివర్లో "డెబ్బై!" అని ఒక్క మాట పైకి అరిచారట. 'నోటీసులో డెబ్బై లేదు టీచర్' అన్నారట.

చెప్తూ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడే చెప్పేద్దామనుకున్నాను. నోరు తెరిచాను.

"ఏమిటండీ?"

"పరిశీలనలో ఉంది" అన్నాను.

ఛీ.

సెప్టెంబర్ 9, మంగళవారం. సాయంత్రం 5:10, ఆఫీసులో

ఇవాళ నకళ్ళు సిద్ధం చెయ్యాలి. మూడో లైను ఎలాగూ నల్లగానే ఉంది. అదొక్కటే నల్లగా ఉంటే ఎబ్బెట్టుగా ఉంటుంది, అందరి కళ్ళూ అక్కడికే పోతాయి. పక్కన ఇంకోటి పూస్తే కలిసిపోతుంది. పూశాను. ఇప్పుడు ఆ రెండూ కనిపిస్తున్నాయి. ఇంకో నాలుగు పూశాను. కంపెనీ పేరు ఎలాగూ రహస్యం. ముద్ర, తేదీ, సంతకం...

పధ్నాలుగు పేజీలూ అయిపోయాయి. మార్కర్లు మూడు ఖర్చు. పేజీల నంబర్లు కూడా పోయాయి, అవి మాత్రం అలవాటులో.

తీర్మానం గురించి: ఇంట్లో దాచనన్నానే గానీ ఆఫీసులో దాచననలేదు. మొదటి రోజు రాసిన దాంట్లో ████████████ అని ఉన్నమాట వాస్తవమే, కానీ దాన్ని సందర్భాన్ని బట్టి చదువుకోవాలి.

సెప్టెంబర్ 11, గురువారం. సాయంత్రం 7:00

కవరు ఇంటికొచ్చింది. ఆవిడ ఒక్కో పేజీ దీపానికి అడ్డంపెట్టి చూసింది. అమ్మాయి, "నాన్నా, ఇంత దారుణంగా ఎవరు పూశారు?" అంది.

"ఆఫీసు" అన్నాను.

"ఆఫీసుకి చేతులుంటాయా నాన్నా?"

తలనొప్పిగా ఉందని లేచి వెళ్ళిపోయాను. నిజంగానే ఉంది.

వెనక నుంచి ఆవిడ గొంతు: "అప్పీలు పెడతానండీ. వదిలే ప్రసక్తి లేదు."

సెప్టెంబర్ 15, సోమవారం. మధ్యాహ్నం 3:00, ఆఫీసులో

అప్పీలు వినేది సూపరింటెండెంట్ మేడమ్. ఏ లైనుకి ఎందుకు కాటుక పెట్టారో కారణాలు రాసివ్వమన్నారు. రాశాను:

పేజీ 2: దేశ భద్రత.

పేజీ 6 (ఏడో ఎక్కం): విదేశీ సంబంధాలు.

పేజీ 9 (ఖాళీ పేజీ): దర్యాప్తుకి ఆటంకం.

పేజీ 4, లైను 3: మూడో వ్యక్తి వ్యక్తిగత వివరం.

మేడమ్ చూసి "బాగుంది" అన్నారు. ఎవరూ చదవరని నాకు అప్పుడే అర్థమైంది.

దరఖాస్తుదారు నా భార్య అని మేడమ్‌కి తెలియదు. మా ఆవిడకి కూడా జాగ్రత్త చెప్పాను, "విచారణలో మనం ఒకరికొకరు తెలియనట్టే ఉందాం. బంధువులని తెలిస్తే అప్పీలు కొట్టేస్తారు." ఆవిడ నన్ను అదోలా చూసి సరేనంది. తీర్మానం మాట ఇప్పుడెందుకు.

సెప్టెంబర్ 18, గురువారం. సాయంత్రం 4:30, ఆఫీసు మెట్ల మీద

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

11:00. మేడమ్ గది. బల్లకి ఒకవైపు నేను, ప్రభుత్వం తరఫున. ఎదురుగా మా ఆవిడ. కంగారులో కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను. కాగితాలు కళ్ళకి అంటించుకుని చదువుతుంటే, ఆవిడ సంచీలోంచి నా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "మెట్ల మీద దొరికిందండీ. ఈయనదేమో చూడండి" అంది.

మేడమ్: "మీ అభ్యంతరం ఏమిటమ్మా?"

ఆవిడ: "అభ్యంతరం కాదండీ. పధ్నాలుగు పేజీలు అడిగితే పధ్నాలుగు పలకలిచ్చారు. సుద్దముక్కలు కూడా ఇప్పిస్తే మా క్లాసులో వాడుకుంటాం."

టైపిస్టు కిసుక్కున నవ్వింది. ఆవిడ నవ్వలేదు. నా వైపు తిరిగింది.

"నాలుగో పేజీ నేను నింపిన ఫారం. మూడో లైనులో పాట కట్టినవారి పేరు రాయాలి. నేను రాశాను. అక్కడేముందండీ ఇప్పుడు?"

"దరఖాస్తుదారు గారికి ఆ వివరం ఇవ్వడానికి వీల్లేదు."

"ఎందుకు?"

"అది మూడో వ్యక్తి వ్యక్తిగత వివరం."

"ఎవరండీ ఆ మూడో వ్యక్తి?"

పంతొమ్మిదేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. ముప్ఫై ఒక్కమంది పిల్లలు చప్పుడు లేకుండా పెదాలు కదిలించడం కళ్ళముందు ఆడింది.

"నువ్వే" అన్నాను.

మేడమ్ పెన్ను ఆగిపోయింది. "దరఖాస్తుదారుని పట్టుకుని నువ్వు అంటారేమిటండీ!"

"మా ఆవిడ మేడమ్."

ఇక ఆగలేదు. మెమో భయం, పూత, మర్చిపోవడం, ఇంట్లో చెప్పిన అబద్ధం, మూడు మార్కర్లు, అన్నీ కక్కేశాను. అడగనివి కూడా చెప్పాను. మేడమ్ అసలు ఫారం తెప్పించి వెనక్కి తిప్పారు. మా ఆవిడ పెన్ను నొక్కి రాసే మనిషి. చార వెనక అక్షరాలు ఉబ్బి, తిరగబడి కనిపిస్తున్నాయి. మేడమ్ వేలితో తడుముతూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని పేరు పైకి చదివారు.

ఉత్తర్వు: పేరు చూపించాలి. ఆ పాట మీద కంపెనీ హక్కు విచారణ తేలేదాకా నిలిపేయాలి. దరఖాస్తుదారు కొత్త ఫారం ఇవ్వాలి. నాకు మెమో.

బయటికొచ్చాక ఆవిడ తిట్టలేదు. "ఐదేళ్ళు" అంది, అంతే. ఆటో ఎక్కి ఒక్కతే వెళ్ళిపోయింది. నేనింకా ఈ మెట్ల మీదే కూర్చున్నాను.

సెప్టెంబర్ 20, శనివారం

బడిలో పాట మళ్ళీ మొదలైందట. రోడ్డు మీదికి వినిపించిందట. అమ్మాయి చెప్పింది. ఆవిడ చెప్పలేదు.

నా తువ్వాలు ఎక్కడ? (నేను, ఆవిడని) — "మీరు కోరిన సమాచారం ఈ కార్యాలయంలో అందుబాటులో లేదు."

టిఫినేమిటి? — "పరిశీలనలో ఉంది."

కోపం తగ్గిందా? — "దేశ భద్రత దృష్ట్యా చెప్పలేము."

ఇంత ఇబ్బందిగా ఉంటుందా ఇది! పంతొమ్మిదేళ్ళు ఎంతమందికి ఇలా చేశానో.

సెప్టెంబర్ 22, సోమవారం. ఉదయం 6:15

మొదటి రోజు. (మళ్ళీ.)

తీర్మానం: ఇరవై ఒక్క రోజులు ఏదీ దాచను. ఈసారి ఆఫీసులో కూడా. ఆ రహస్య జాబితాలో ఇంకా మూడు వందల తొంభై తొమ్మిది పాటలున్నాయి. రోజుకి ఇన్నని ఫారాలు వెనక్కి తిప్పి చూస్తాను. కాటుక నాదైన చోటల్లా మేడమ్‌కి రాసిస్తాను. ఎన్ని నావో తెలియదు. అది అబద్ధం. చాలానే నావి, నకలు తీయడానికి బద్ధకించి అసలు కాగితం మీదే పూసినవి. ఇంకో మెమో వస్తే రానీ.

శుభారంభంగా ముందు ఇది రాస్తున్నాను, పెద్ద అక్షరాలతో:

ఏడో ఎక్కం పాట కట్టినవారు: ██████████

ఈ పూత నాది కాదు. నేను మురిసిపోతూ చూసుకుంటుండగా ఆవిడ కాఫీ గ్లాసుతో వెనక నిలబడి మొత్తం చదివింది. నా జేబులోంచి మార్కరు లాగి తన పేరు మీద తనే పూసేసింది.

"అందరూ చూడాల్సిన చోట కొట్టేసి, ఎవరూ చూడని చోట రాస్తారా?" అని, కొత్త ఫారం నా ముందు పెట్టి, కాఫీ మాత్రం తనే తాగేసింది.