కాక్టస్ పూసింది తాతయ్యా

తాతయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ సందర్భంగా తమరికి తెలియజేయునది ఏమనగా, నా కాక్టస్ పూసింది.

అరవై ఏళ్లు కోడూరులో వరి పండించినవాడివి. ఎండిన మట్టి కనిపిస్తే నీకు ఊపిరాడదు. "ఎడారి మొక్క తాతయ్యా, నెలకోసారి తడిపితే చాలు" అని ఎంత మొత్తుకున్నా, "నోరులేనిది, దాహమని చెప్పుకోలేదురా" అంటూ రోజూ చెంబుడు నీళ్లు పోసి రెండు మొక్కల్ని కుళ్లబెట్టావు. మూడోది నువ్వు మంచం పట్టాక కొన్నాను, అందుకే బతికింది. నువ్వు లేక ఈ ఇంట్లో బాగుపడింది అదొక్కటే.

"ఆ పువ్వు కోసి తాతయ్య ఫొటోకి పెట్టరా" అంది అమ్మ. కొయ్యబుద్ధి కాలేదు. కుండీనే తెచ్చి నీ ఎదురుగా పెట్టాను, నీ చెయ్యి అందనంత దూరంలో.